బేత్లెహేముకు లైన్ క్లియర్

ఆ రోజు ఉదయం జీవరాజు గారి కార్యక్రమం చాలా సులువైనది. పదింటికి క్షవరం, పదకొండింటికి తలస్నానం, ఆ తర్వాత వరండాలో పడక్కుర్చీ వేసుకుని, ఫోను ఒళ్ళో పెట్టుకుని, భార్య బేత్లెహేము చేరేదాకా కదలకుండా కూర్చోవడం. ముప్ఫయ్యారేళ్ళు రైల్వేలో పనిచేసి, అందులో ఇరవై రెండేళ్ళు స్టేషను మాస్టరుగా ఉండి రిటైరైన మనిషికి బండి చేరిందన్న కబురు కోసం కూర్చోవడం కొత్త కాదు. కాకపోతే ఈసారి బండిలో ఉన్నది కాంతమణి గారు.

కాంతమణి గారు లెక్కల టీచరు. కిందటేడే రిటైరయ్యారు. బేత్లెహేము చూడాలన్నది ఆవిడకు ముప్ఫయ్యేళ్ళ కోరిక. మొదటిసారి పాస్‌పోర్టు చేతికొచ్చిన వారానికే జీవరాజు గారికి డోర్నకల్ బదిలీ అయింది. రెండోసారి సూట్‌కేసు సర్దుకున్నాక, అల్వాల్‌లో ఉండే తమ్ముడు లూకా తన కూతురి పెళ్ళి సరిగ్గా ఆ పదిరోజుల్లోకి జరిపాడు. ఈసారి చర్చివాళ్ళు నలభై మంది పాస్టరు జకర్యా గారి వెంట పరిశుద్ధ దేశ యాత్రకు బయల్దేరుతుంటే, ఆవిడ భర్త ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ఏవండీ, ఈసారి ఏం అడ్డం వస్తుందో ఇప్పుడే చెప్పేయండి. ఆశపెట్టుకోకుండా ఉంటాను."

ఆ మాట జీవరాజు గారికి లోపల ఎక్కడో తగిలింది. "ఏదీ రాదు. బేత్లెహేము చూడకుండా నువ్వు వెనక్కి రావు మణీ. లైన్ క్లియర్ నేనిస్తున్నా" అన్నారు. రైల్వే మనిషి లైన్ క్లియర్ ఇచ్చాడంటే, ఆ బండి చేరేదాకా దారిలో ఇంకేదీ అడ్డం రాకుండా చూసే పూచీ అతనిదే.

లూకాకు ఈ ప్రయాణం మొదట్నుంచీ ఇష్టం లేదు. అక్కకు షుగరుంది, మోకాళ్ళ నొప్పులున్నాయి, పైగా తనను అడక్కుండా నిర్ణయం జరిగిపోయింది. "చిన్న తేడా వచ్చినా సరే బావా, మర్నాడు ఫ్లైటుకే అక్కను రప్పించేస్తా. ట్రావెల్స్ అతను నా ఫ్రెండే" అని ఎయిర్‌పోర్టులో అందరి ముందూ అన్నాడు. చిన్న తేడా కూడా రానివ్వకూడదని జీవరాజు గారు అక్కడే, ట్రాలీ పట్టుకుని నిలబడి, గట్టిగా నిర్ణయించుకున్నారు.

అవి విదేశంలో ఫోనెత్తితే చేసినవాళ్ళకూ ఎత్తినవాళ్ళకూ కూడా బిల్లు పడే రోజులు. ఊళ్ళో ఉన్నవాళ్ళే సగం సంసారం మిస్డ్ కాల్స్ మీద నడుపుకునేవారు. ఒకటిస్తే గేటు తియ్యాలి, రెండిస్తే పొయ్యి మీద టీ పెట్టాలి. జీవరాజు గారు ఈ విద్యను ఒక పద్ధతిలోకి తెచ్చారు. స్టేషను మాస్టర్లు పక్క స్టేషనుతో గంటలు కొట్టుకుని మాట్లాడుకునేవారు. ఇన్ని గంటలైతే బండి బయల్దేరినట్టు, ఇన్నయితే చేరినట్టు. ఆ లెక్కలోంచే ఆయన మిస్డ్ కాల్స్ పట్టిక తయారుచేసి, ఒకటి భార్య హ్యాండ్‌బ్యాగులో పెట్టారు, ఒకటి హాల్లో గోడకు అంటించారు. ఒకటి: అంతా క్షేమం. రెండు: బండి బయల్దేరింది. నాలుగు: బండి చేరింది. ఐదు: ముందు చెప్పింది రద్దు. ఆరు: ప్రమాదం. మూడు ఏమైందని కాంతమణి గారు అడిగితే, ఆ వ్యవహారం పెద్దదనీ, వచ్చే యాత్రకు చూద్దామనీ అన్నారు.

అన్నిటికంటే ముఖ్యమైన నియమం అడుగున ఎర్ర సిరాతో రాశారు. ఏ సంకేతం వచ్చినా వెంటనే అదే లెక్కన తిరిగి కొట్టాలి. అప్పుడే అది అందినట్టు. ఎయిర్‌పోర్టులో పాస్టరు గారు ఈ పట్టిక చూసి ముచ్చటపడి, తన డైరీలో మొత్తం ఎక్కించుకున్నారు.

ఐదు రోజులు ఏ లోపమూ లేకుండా గడిచాయి. ఆవిడ రెండిస్తే ఈయన రెండు. ఆవిడ నాలుగిస్తే ఈయన నాలుగు. ఒక్క మాట మాట్లాడుకోకుండా కాపురం ఇంత సాఫీగా సాగడం ఆయనకు కాస్త ఆశ్చర్యం కూడా కలిగించింది.

ఆరో రోజు బేత్లెహేము. యెరూషలేములో బస్సు ఉదయం ఏడింటికి, అంటే మన పదిన్నరకు బయల్దేరుతుంది. చేరేది ఏ సాయంత్రానికో అని జీవరాజు గారి అంచనా. దక్షిణ మధ్య రైల్వేలో ఏ స్టేషను నుంచి ఏ స్టేషనుకెంత దూరమో నిద్రలో లేపి అడిగినా చెప్పగలరు గానీ, బేత్లెహేము దూరం మాత్రం ఆయన క్రిస్మస్ నాటకాల్లోంచి నేర్చుకున్నారు. కుర్రతనంలో బాపట్లలో ఏటా యోసేపు వేషం ఆయనదే. మరియమ్మను గాడిద మీద కూర్చోబెట్టి, పక్కన నడుస్తూ బేత్లెహేము చేరేసరికి రెండు పాటలూ, మూడు తెరలూ అయిపోయేవి. అందుకని తక్కువలో తక్కువ సికింద్రాబాద్ నుంచి కాజీపేట ఎంతో అంత ఉంటుందని తేల్చుకున్నారు. ఆ నడక యెరూషలేము నుంచి కాదు, ఎక్కడో దూరాన ఉన్న నజరేతు నుంచి మొదలైందన్న సంగతి ఆయనకు ఆ క్షణాన తోచలేదు.

ముందురోజంతా చేతిలో పట్టుకుని చూసుకుంటూనే ఉండటంతో ఫోను నీరసించిపోయింది. దాన్ని చార్జింగుకు పెట్టి క్షవరానికి వెళ్ళారు. అక్కడ ఆయన ముందు ఇద్దరున్నారు. ఒకరు గడ్డానికి, ఒకరు రంగుకు. రంగు వేయించుకునేవాళ్ళు తొందరపడటం ఎక్కడా లేదు. తిరిగి ఇంటికొచ్చేసరికి పదకొండుంబావయింది. రెండు వచ్చి ఉంటాయి, ఆలస్యానికి విచారిస్తూ రెండు కొట్టేద్దాం అనుకుంటూ ఫోను చేతిలోకి తీసుకున్నారు.

ఆరు మిస్డ్ కాల్స్.

ఆ ఫోను పాతది. మొత్తం ఎన్ని వచ్చాయో పెద్ద అక్షరాల్లో చూపిస్తుంది. ఏది ఏ వేళకు వచ్చిందో తెలియాలంటే ఏవో నాలుగు మీటలు నొక్కాలి. ఆ నాలుగు మీటలు ఏవో కాంతమణి గారికి తెలుసు.

జీవరాజు గారికి భయం వేసింది. అయినా నియమం నియమమే. ప్రమాదం అందినట్టు ముందు అవతలికి తెలియాలి. మెడ నిండా వెంట్రుకలతో, హాలు మధ్యలో నిలబడి, పైకి లెక్కపెట్టుకుంటూ ఆరు మిస్డ్ కాల్స్ కొట్టారు. ఆ తర్వాతే మామూలుగా ఫోను చేశారు. ఎంగేజు. మళ్ళీ చేశారు. ఎంగేజు. ఆ ఆరు చూసుకుని అవతల ఆవిడ కూడా ఇటే చేస్తూ ఉండొచ్చన్న ఆలోచన ఆయనకు రాలేదు. పన్నెండుసార్లు చేశారు. పదమూడోసారి ఆ ఫోను స్విచాఫ్ అని వచ్చింది.

ప్రహరీ అవతల్నుంచి పక్కింటి షాహీదా ఇదంతా చూస్తోంది. సికింద్రాబాద్‌లో వాళ్ళుండే కార్ఖానా పేటలోనే సీటు కవర్ల దుకాణం నడిపే నాసర్ భార్య ఆవిడ.

"ఏందన్నా, గిట్ల నిలబడ్డరు? వదిన ఫోన్ చేసిందా?"

"చేసిందమ్మా. ఆరు."

"ఆరంటే?"

జీవరాజు గారు చెప్పారు. షాహీదా నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. "యా అల్లా. జెర కూర్చోండన్నా మీరు. నేను మా ఆయనను పిలుస్తా."

"ఎవరికీ చెప్పకమ్మా. మా లూకా చెవిన పడిందంటే రేపీపాటికి మా ఆవిణ్ణి ఇక్కడ దింపేస్తాడు. గుమ్మం దాకా వెళ్ళి చూడకుండా వచ్చేస్తుంది. ముందు సంగతేంటో మెల్లగా కనుక్కుంటా."

మెల్లగా కనుక్కోవడం కోసం పాస్టరు గారి భార్య రోసమ్మ గారికి ఫోను చేశారు. "వందనాలమ్మగారూ. అయ్యగారు ఫోనేవన్నా చేశారాండీ? ఏం లేదు, ఊరికే అడుగుతున్నా."

జీవరాజు గారు ఊరికే ఏదీ అడగరని ఆ చర్చిలో తెలియనివాళ్ళు లేరు. రోసమ్మ గారు ఊపిరి గట్టిగా పీల్చుకుని, "చెప్పండి జీవరాజు గారూ. నేను తట్టుకుంటాను" అన్నారు.

"తట్టుకునేంత ఏం లేదండీ. మా ఆవిడ ఆరు కొట్టింది."

రోసమ్మ గారు స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు. ఆ సమాజంలో గొలుసు ప్రార్థన అని ఒక పద్ధతి ఉంది. ఒకరు ఇద్దరికి చెప్తారు, ఆ ఇద్దరూ నలుగురికి చెప్తారు, ఎక్కడివాళ్ళక్కడ మోకరిస్తారు. జబ్బుల కోసం, పిల్లల పరీక్షల కోసం పెట్టుకున్న ఆ పద్ధతి ఎంత వేగంగా పనిచేస్తుందో ఆ రోజు కార్ఖానా అంతా చూసింది. పన్నెండు దాటేసరికి యాత్రకు వెళ్ళిన నలభైమంది ఇళ్ళవాళ్ళూ జీవరాజు గారి గేటు ముందున్నారు. అవతల్నుంచి కబురంటూ వచ్చింది ఆ ఒక్క ఇంటికే మరి.

గుంపును చూడగానే జీవరాజు గారికి భయం తగ్గింది. పన్నెండు గంటలు ఆలస్యమైన బళ్ళ ప్రయాణికులను సముదాయించిన మనిషి ఆయన. వరండాలో బల్ల వేయించారు. రూళ్ళ పుస్తకం తెరిచి తేదీ వేశారు. "దయచేసి ఎవరూ ఫోన్లు చెయ్యొద్దు. లైను ఖాళీగా ఉంచండి. కబురు రాగానే నేనే ప్రకటిస్తా" అన్నారు. అందరూ తలూపారు. తలూపుతూనే అందరూ పాస్టరు గారి నంబరుకు చేశారు. అది మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు. చివరికి అదీ స్విచాఫ్ అయింది. ఆ సంగతి కూడా జీవరాజు గారు టైము వేసి రాసుకున్నారు.

అంతలో లూకా దిగాడు. "చెప్పానా బావా?" అంటూనే వచ్చాడు. హెల్మెట్ తీయకుండానే అన్నాడు గనక మొదటిసారి ఎవరికీ వినిపించలేదు. తీసి మళ్ళీ అన్నాడు. "రేపు పొద్దున్న ఫ్లైట్‌లో సీటుందట. అక్కను పంపించెయ్యమని ట్రావెల్స్‌లో చెప్పేశా."

"వద్దని చెప్పు."

"వద్దా? ప్రమాదమని అక్కే చెప్పింది కదా?"

"ప్రమాదమని చెప్పింది. వచ్చేస్తానని చెప్పలేదు. వచ్చేస్తాననడానికి పట్టికలో నంబరే లేదు."

"బావా, ఇది రైలు కాదు."

"రైలైనా అంతే. లైన్ క్లియర్ ఇచ్చి పంపిన బండిని, ఏం జరిగిందో తెలియకుండా దారిలోంచి వెనక్కి లాగరు."

పైకి అలా అన్నారే గానీ లోపల ఆ మాట మీద ఆయనకే నమ్మకం చాలడం లేదు. ఆవిడకు నిజంగానే ఏమైనా అయ్యుంటే, తను పట్టుకున్నది మాట కాదు, మొండితనం. కానీ రెండుసార్లు సూట్‌కేసు విప్పి చీరలు బీరువాలో పెట్టుకున్న మనిషిని ఆయన చూశారు. ఆ చీరలు మడతపెడుతూ ఆవిడ ఒక్క మాట అనలేదు. అన్నా బావుండేది. ఒక మనిషి నోటి నుంచి ఒక మాట వినేదాకా మాత్రం ఆవిణ్ణి వెనక్కి తిప్పనివ్వకూడదని కూర్చున్నారు. లూకా గేటు దాకా వెళ్ళి మళ్ళీ ట్రావెల్స్‌కి ఫోను చేసి, ఇక్కడ పరిస్థితి వివరంగా చెప్పడం మొదలుపెట్టాడు.

ఈలోగా నాసర్ దుకాణం మూసి వచ్చాడు. ఎండలో నిలబడ్డ ఆడవాళ్ళను చూసి నొచ్చుకున్నాడు. "అమ్మలంతా ఎండల తక్లీఫ్ పడుతున్నరన్నా. మీరు పరేషాన్ కాకుండ్రి, నేను చూసుకుంటా" అన్నాడు. పావుగంటలో టెంటుహౌసు బండి వచ్చింది. గేటు ముందు షామియానా లేచింది, దాని కింద కుర్చీలు పడ్డాయి. తెల్లచీరల్లో స్త్రీల సమాజం కూర్చుని కన్నీళ్ళతో ప్రార్థన ఎత్తుకుంది. గేటు దగ్గర లూకా ఫోనులో అదీ చెప్పాడు.

మిట్టమధ్యాహ్నం, గేటు ముందు షామియానా, కింద తెల్లచీరలు. ఆ దారిన ఆటోలో పోతున్న రామభద్రరావు గారు, జీవరాజు గారితో కలిసి పనిచేసిన స్టేషను మాస్టరు, ఆ దృశ్యం చూసి ఏమనుకోవాలో అదే అనుకున్నారు. ఆటో తిప్పించి, సందు చివర కొట్లో పెద్ద బంతిపూల దండ కొని తెచ్చారు. తీరా లోపలికి వస్తే వరండాలో జీవరాజు గారు, చేతిలో పెన్నుతో.

"ఎంత పని జరిగింది జీవరాజూ. ఎప్పుడు?"

"ఇంకా తెలియలేదు. కబురు కోసం చూస్తున్నాం. ఆ దండ ఎవరికి?"

రామభద్రరావు గారు చుట్టూ చూశారు. "ఎవరికో తేలాక వేద్దామని తెచ్చా" అన్నారు.

సరిగ్గా అప్పుడు లూకా ఫోను మోగింది. ట్రావెల్స్ అతను. లూకా అందరికీ వినిపించేలా స్పీకరు పెట్టాడు. "సార్, గైడుతో మాట్లాడా. మన గ్రూపంతా చర్చి ముందు లైన్‌లోంచి బయటికొచ్చి నేల మీద కూర్చున్నారంట సార్. అందరూ ఏడుస్తున్నారంట."

"ఎందుకో కనుక్కున్నారా?" అన్నారు జీవరాజు గారు.

"గైడుకు తెలుగు రాదు సార్."

షామియానా కింద ఏడుపు లేచింది. రోసమ్మ గారు కళ్ళు మూసుకుని గొంతు పెంచారు. లూకా బావ దగ్గరికొచ్చి, ఈసారి మెత్తగా, "ఇంకా ఏం కావాలి బావా? అవునను. టికెట్ చేయించేస్తా" అన్నాడు. జీవరాజు గారు పట్టిక వైపు చూశారు. అందులో ఆయనకు పనికొచ్చే అంకె ఒక్కటీ లేదు. పెన్ను మూత పెట్టారు. అవుననడానికి నోరు తెరిచారు కూడా.

ఒళ్ళో ఫోను మోగింది. కాంతమణి అని పేరు పడింది.

షామియానా కింద తలలన్నీ ఇటు తిరిగాయి. ఒకసారి మోగింది. ఆగలేదు. రెండు, మూడు, నాలుగు.

"ఎత్తుండ్రన్నా" అంది షాహీదా.

"లెక్క తేలనివ్వమ్మా."

ఐదు, ఆరు. ఏడోసారి కూడా మోగింది. ఏడుకు పట్టికలో అర్థం లేదు గనక ఎత్తారు. లూకా చెయ్యి చాచి స్పీకరు నొక్కాడు.

"ఏవండీ, రెండూ నాలుగూ ఎంత?"

క్లాసులో వెనక బెంచీని అడిగే గొంతు అది. "ఆరు" అన్నారు జీవరాజు గారు.

"ఆ ఆరే మీరు చూసింది. బయల్దేరుతూ రెండిచ్చాను. మీరు తిరిగి కొట్టలేదు. దిగాక నాలుగిచ్చాను."

"అప్పుడే ఎలా దిగారు?"

"అరగంట ప్రయాణానికి అరగంటకే దిగుతారు. మీరెంత దూరమనుకున్నారు?"

జీవరాజు గారు షామియానా కింద ఉన్న ముఖాలన్నీ ఒకసారి చూశారు. "కాజీపేట" అన్నారు చిన్నగా.

"మనింటి నుంచి లూకా వాళ్ళ అల్వాల్ ఎంతో అంతండీ. ఇంకో రెండు మైళ్ళు వేసుకోండి."

"మరి అందరూ ఏడుస్తున్నారంటున్నారే?"

"ఏడవరా? సికింద్రాబాద్‌లో షామియానా వేశారనీ, అందరి ఇళ్ళవాళ్ళూ దాని కింద ఏడుస్తున్నారనీ ట్రావెల్స్ నుంచి గైడుకు కబురొచ్చింది. పోయిందెవరో చెప్పలేదు. దాంతో ఎవరికి వాళ్ళు తమ ఇంట్లోనే అనుకుని, నలభై మందిలో నేను తప్ప అందరూ బయట కూర్చుని మీ కోసం ప్రార్థన చేస్తున్నారు."

రోసమ్మ గారు మెల్లగా కళ్ళు తెరిచారు. అక్కడ వీళ్ళ కోసం, ఇక్కడ వాళ్ళ కోసం, రెండు వైపులా దేవుడికి ఊపిరాడనివ్వలేదని ఆవిడకు అర్థమైనట్టుంది. అందరూ లూకా వైపు చూశారు. లూకా షామియానా గుంజను పరీక్షగా చూడసాగాడు.

జీవరాజు గారికి వీటిలో ఏదీ అక్కర్లేదు. "మణీ, నువ్వు చూశావా?" అన్నారు.



"మీ ఆరు చూడగానే మీకే ఏదో అయిందనుకున్నాను. ఎన్నిసార్లు చేసినా మీది ఎంగేజు. అప్పుడు మెట్ల మీద కూర్చుని ఆలోచించాను. ముప్ఫయ్యేడేళ్ళ కాపురంలో అవతల్నుంచి సంకేతం రాకుండా మీ అంతట మీరు ఒక్క గంట కొట్టి ఎరుగుదురా? ఎరగరు. కాబట్టి ఆ ఆరూ నావే, నాకు తిరిగొచ్చాయి. లెక్క తేలిపోయింది. ఫోను ఆపేసి లైన్‌లో నిలబడ్డాను. షామియానా కబురొచ్చినప్పుడు అందరికీ ఈ లెక్క చెప్పాను, ఎవరూ వినలేదు. నేను మాత్రం లైన్ వదల్లేదు. మామూలుగా అయితే లోపల నిమిషం కూడా ఉండనివ్వరట, వెనకవాళ్ళు తోసేస్తారట. నా వెనక ముప్ఫై తొమ్మిది మంది చోటు ఖాళీగా ఉంది. యేసు పుట్టిన ఆ గుహలో పావుగంట కూర్చున్నానండీ, ఒక్కదాన్నే. బాపట్లలో మీ యోసేపు గడ్డం ఊడిపోయిన రోజు గుర్తొచ్చింది. ముందు వరసలో నవ్వింది నేనే. అక్కడ కూడా నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది."

జీవరాజు గారు మెడ మీది వెంట్రుకలు దులుపుకున్నారు. ఆయనిచ్చిన లైన్ క్లియర్ నిలబడింది. ఎలా నిలబడిందన్నది పుస్తకంలో రాయనక్కర్లేదనుకున్నారు.

"బిల్లు పడుతోందండీ. ఫోను అయ్యగారికిచ్చేస్తున్నా, బిల్లు భయానికి ఎత్తకపోతే జేబులో మోగి మోగి ఆయనది చచ్చిపోయింది. వాళ్ళంతా ఇప్పుడు మళ్ళీ లైన్‌లో నిలబడాలి. నేను బస్సెక్కి కాళ్ళు చాపుకుంటా."

పాస్టరు గారు రోసమ్మ గారితో రెండు నిమిషాలు మాట్లాడారు. ఎవరూ పోలేదని రెండు వైపులా నిర్ధారణ అయింది. జనం కళ్ళు తుడుచుకుని, షాహీదా ఇచ్చిన టీలు తాగి ఇళ్ళకు వెళ్ళారు. నాసర్ షామియానా విప్పించాడు. లూకా ఎవరికీ వినపడకుండా ఫోను చేసి టికెట్ వద్దన్నాడు. రామభద్రరావు గారు దండ వెనక్కి తీసుకెళ్ళలేక, జీవరాజు గారి మెడలోనే వేసి, భుజం తట్టి వెళ్ళిపోయారు.

ఇల్లు ఖాళీ అయ్యాక జీవరాజు గారు దండతోనే పట్టిక ముందు నిలబడ్డారు. పని ఇంకా పూర్తి కాలేదు. అంతా క్షేమమని అవతల్నుంచి వచ్చింది, దానికి ఒకటి తిరిగి కొట్టాలి. అదీగాక, తను కొట్టిన ప్రమాద సంకేతం ఇంకా రద్దు కాకుండానే ఉంది. ముందు క్షేమానికి ఒకటి కొట్టారు. రెండు సంకేతాలూ కలిసిపోతే ఏమవుతుందో పొద్దుటే నేర్చుకున్నారు గనక, ఈసారి జాగ్రత్తగా, ఒక గ్లాసు టీ తాగినంతసేపు ఆగారు. ఆ తర్వాత రద్దుకు ఐదు కొట్టి, పుస్తకం మూసి, తృప్తిగా తలస్నానానికి వెళ్ళారు.

బేత్లెహేములో పాస్టరు జకర్యా గారు గుహలోంచి బయటికొచ్చి, జేబులోంచి కాంతమణి గారి ఫోను తీసి చూసేసరికి, దాని మీద ఆరు మిస్డ్ కాల్స్ ఉన్నాయి.